సొంత లారీతో సరకు రవాణా వ్యాపారం: లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ విధివిధానాలు

జనగామ జిల్లా కొడకండ్ల మండలం వంటి గ్రామీణ ప్రాంతాలలో సొంత వాహనంతో సరకు రవాణా చేపట్టడం యువతకు అందుబాటులో ఉన్న స్వయం ఉపాధి మార్గాలలో ఒకటి. అయితే ఈ వ్యాపారానికి ఒకే కార్యాలయం నుంచి ఒకే అనుమతి పత్రం లభించదు. డ్రైవింగ్ లైసెన్సు, వాహన రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ ధ్రువపత్రం, పర్మిట్, పన్ను రసీదు, బీమా అనే ఆరు పత్రాలను విడివిడిగా పొంది, గడువు దాటకుండా పునరుద్ధరించుకొనవలసి ఉంటుంది.

ఈ ఆరింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలినవాటి రక్షణ సన్నగిల్లుతుంది. రోడ్డు ప్రమాదం జరిగినప్పుడు పరిహారం భారం బీమా సంస్థపై కాక వాహన యజమానిపై పడే పరిస్థితి ఏర్పడుతుంది. ఒకే లారీతో జీవనం సాగించే కుటుంబానికి జరిమానా కంటే ఈ నష్టమే పెద్దది. ఈ దృష్ట్యా మోటారు వాహనాల చట్టం, 1988, తత్సంబంధిత కేంద్ర నిబంధనలు, ఇతర చట్టాలలోని ముఖ్యాంశాలను పాత్రికేయులు, అధికారుల వినియోగార్థం ఇక్కడ క్రోడీకరించడమైనది.

నేపథ్యం

కొడకండ్ల మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు వరంగల్ జిల్లాలో అంతర్భాగంగా ఉండేది. ఆనాటి నుంచి జనగామ జిల్లా పరిధిలోకి వచ్చింది. వరి, పత్తి పండించే రైతులతోపాటు చేనేత, మరమగ్గాల పనివారు నివసించే మండలమిది. 2020 అక్టోబరు 31న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు ఇక్కడ రైతు వేదికను ప్రారంభించారు.

ధాన్యం, పత్తి, ఎరువులు, నూలు, ఇసుక, సిమెంటు ఈ ప్రాంతంలో లారీలకు లభించే ప్రధాన లోడులు. జనగామ మీదుగా హైదరాబాద్-వరంగల్ 163వ నంబరు జాతీయ రహదారి, సూర్యాపేట-సిద్దిపేట మార్గంలోని 365బి నంబరు జాతీయ రహదారి వెళుతున్నాయి. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు, హైదరాబాద్‌కు, సూర్యాపేట మీదుగా విజయవాడకు సరకు చేరవేయడానికి ఈ రహదారులు ఉపకరిస్తున్నాయి. భూపాలపల్లి ప్రాంతంలో సింగరేణి బొగ్గు, గోదావరి ఇసుక రవాణాకు కూడా లారీల అవసరం ఉంటుంది.

వాహనాల రిజిస్ట్రేషన్ సంకేతాలు మూడు దశలలో మారాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ 36 సంకేతం ఉండేది. రాష్ట్ర విభజన తర్వాత టీఎస్ 03 అమలైంది. కొత్త జిల్లాల ఏర్పాటుతో జనగామకు 27, మహబూబాబాద్‌కు 26, జయశంకర్ భూపాలపల్లికి 25 కేటాయించడం జరిగింది. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీఎస్ స్థానంలో టీజీ అక్షరాలు వచ్చాయి. పాత నంబరు గల వాహనాలు అదే నంబరుతో కొనసాగవచ్చు. కనుక పాత లారీ కొనుగోలు చేసేవారు నంబరులోని అక్షరాలను బట్టి కాక, రిజిస్ట్రేషన్ పత్రంలోని యజమాని పేరు, చిరునామా, గడువులను బట్టి వాహన స్థితిని నిర్ధారించుకొనవలెను.

తొలుత నిర్ణయించవలసినది స్థూల బరువు

ఏ లైసెన్సు కావాలి, పర్మిట్ అవసరమా కాదా అన్నది వాహనం పేరును బట్టి గాని, టైర్ల సంఖ్యను బట్టి గాని నిర్ణయం కాదు. ఖాళీ వాహనం బరువు, అనుమతించిన లోడు కలిపి లెక్కించే స్థూల బరువే ఇందుకు ప్రాతిపదిక. ఈ అంకె రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. చట్టంలో దీనికి మూడు హద్దులు కలవు.

3,000 కిలోలకు మించని సరకు వాహనానికి చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అవసరం లేదు. గ్రామాలలో కనిపించే చిన్న ట్రాలీలు, టాటా ఏస్ తరహా వాహనాలు ఈ కోవలోకి వస్తాయి. పర్మిట్ మినహాయింపు ఉన్నప్పటికీ రవాణా వాహనంగా రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా తప్పనిసరి.

7,500 కిలోలకు మించని వాహనం తేలికపాటి మోటారు వాహనంగా పరిగణించబడుతుంది. 12,000 కిలోలు మించినది భారీ సరకు వాహనం. ఈ రెండింటి మధ్య ఉన్నది మధ్యతరహా సరకు వాహనం.

తెలంగాణలో "డీసీఎం" అనే వాడుక పేరు వలన పొరపాటు జరిగే అవకాశం ఉంది. డీసీఎం టయోటా సంస్థ వాహనాలతో ప్రచారంలోకి వచ్చిన ఈ పేరు నేడు అనేక కంపెనీల మధ్యరకం వాహనాలకు వర్తిస్తున్నది. వాటిలో కొన్ని 7,500 కిలోల లోపు, మరికొన్ని అంతకు పైబడి ఉంటాయి. చూపునకు ఒకేలా ఉన్న రెండు డీసీఎంలకు వేర్వేరు లైసెన్సులు అవసరం కావచ్చు.

డ్రైవింగ్ లైసెన్సు

తేలికపాటి వాహనం నడపడానికి కనీస వయసు 18 సంవత్సరాలు కాగా, రవాణా వాహనం నడపడానికి 20 సంవత్సరాలు. మధ్యతరహా, భారీ సరకు వాహనాల కోసం లెర్నర్ లైసెన్సు పొందగోరువారు అంతకుముందు కనీసం ఒక సంవత్సరం పాటు తేలికపాటి వాహన లైసెన్సు కలిగి ఉండవలెను. గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం, ఫారం 1-ఏలో వైద్య ధ్రువపత్రం సమర్పించవలసి ఉంటుంది. లెర్నర్ లైసెన్సు గడువు 6 నెలలు. అది జారీ అయిన 30 రోజుల తర్వాత శాశ్వత లైసెన్సు పరీక్షకు హాజరు కావచ్చు.

రవాణా వాహన లైసెన్సుకు గతంలో 8వ తరగతి ఉత్తీర్ణత తప్పనిసరిగా ఉండేది. ఈ నిబంధనను కేంద్రం 2019లో తొలగించింది. చదువు మధ్యలో ఆపి క్లీనర్‌గా చేరి, లారీలపైనే పని నేర్చుకొన్నవారికి దీనివలన సొంతంగా లైసెన్సు పొందే వీలు కలిగింది. అదే సంవత్సరం చేసిన చట్ట సవరణతో రవాణా వాహన లైసెన్సు కాలపరిమితి 3 నుంచి 5 సంవత్సరాలకు పెరిగింది. గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచి, ముగిసిన ఏడాది వరకు పునరుద్ధరణకు దరఖాస్తు చేయవచ్చు. అంతకు మించి జాప్యమైతే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావలసి ఉంటుంది. అయితే గడువు ముగిసిన తర్వాత దరఖాస్తుకు అవకాశం ఉన్నంత మాత్రాన, ఆ మధ్యకాలంలో వాహనం నడిపే హక్కు ఉన్నట్లు భావించరాదు.

తేలికపాటి లైసెన్సుతో సరకు వాహనం నడపవచ్చా అన్న అంశంపై చిరకాలం వివాదం నడిచింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి తేలికపాటి వాహన లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దీనిని ధ్రువీకరించింది. అందువలన చిన్న సరకు వాహనాల డ్రైవర్లకు ప్రత్యేక ఎండార్స్‌మెంట్ లేదన్న కారణంతో బీమా పరిహారం నిరాకరించడం కుదరదు. 7,500 కిలోలు మించిన వాహనాలకు, ప్రమాదకర సరకులు తీసుకువెళ్లే వాహనాలకు ఈ వెసులుబాటు వర్తించదు. పెట్రోలు, గ్యాస్, రసాయనాల వంటి ప్రమాదకర సరకులు తరలించే డ్రైవర్లు ప్రత్యేక శిక్షణ పొందవలెను. వారి లైసెన్సు కాలపరిమితి 3 సంవత్సరాలు మాత్రమే.

లైసెన్సు లేని వ్యక్తికి వాహనం అప్పగించిన యజమాని కూడా శిక్షార్హుడే. 2019 సవరణ ప్రకారం 180వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు శిక్ష లేదా రూ.5,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

వాహనం కొనుగోలు, రుణం

సరకు రవాణా వాహనాలపై వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు గల కొత్త వాహనాలనే రిజిస్టర్ చేస్తున్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్‌కు ఎయిర్ కండిషనింగ్ తప్పనిసరి.

చిన్న వాహనాల కొనుగోలుకు ప్రధానమంత్రి ముద్రా యోజన కింద బ్యాంకు రుణం కోరవచ్చు. 2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ పథకంలో పూచీకత్తు ఆస్తి లేకుండా రూ.10 లక్షల వరకు రుణం ఇస్తారు. ఆ శ్రేణి రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి రూ.20 లక్షల వరకు ఇచ్చే విభాగం 2024లో చేరింది.

రుణంపై కొనుగోలు చేసిన వాహనం రిజిస్ట్రేషన్ పత్రంలో ఫారం 34 ద్వారా రుణదాత పేరు నమోదవుతుంది. ఆ పేరు తొలగే వరకు వాహనం విక్రయించడానికి రుణదాత సమ్మతి అవసరం. చివరి వాయిదా చెల్లించినంత మాత్రాన ఈ నమోదు దానంతట అది తొలగదు. రుణదాత సంతకంతో ఫారం 35, బకాయి లేదన్న పత్రం తీసుకొని రవాణా కార్యాలయంలో సమర్పించవలెను.

పాత లారీ కొనుగోలు చేసేవారు ఫారం 29, ఫారం 30 ద్వారా యాజమాన్య బదిలీ చేయించుకొనవలెను. ఒకే రాష్ట్రంలో జరిగే విక్రయాన్ని అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. తెల్లకాగితంపై ఒప్పందం రాసుకొని, సంతకం చేసిన ఫారాలను చేతిలో ఉంచుకొనే వాడుక ఇరువురికీ ప్రమాదకరం. వాహనం పలు చేతులు మారినప్పటికీ, రిజిస్ట్రేషన్‌లో పేరున్న వ్యక్తినే చట్టం దృష్టిలో యజమానిగా పరిగణించి పరిహార బాధ్యత మోపవలసి ఉంటుందని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. లారీ అమ్మి ఏళ్లు గడిచిన వ్యక్తికి సైతం ఈ కారణంగా నోటీసు రావచ్చు. కొన్నవారి విషయంలో పర్మిట్ కూడా వాహనంతోపాటు దానంతట బదిలీ కాదు. 82వ సెక్షన్ ప్రకారం రవాణా అథారిటీ అనుమతి పొందవలెను.

కొనుగోలుకు ముందు పన్ను బకాయి, పెండింగు ఈ-చలానాలు, ఫిట్‌నెస్ గడువు పరిశీలించడం అవసరం. 15 సంవత్సరాలు దాటిన రవాణా వాహనాల ఫిట్‌నెస్ రుసుములు 2022 ఏప్రిల్ 1 నుంచి గణనీయంగా పెరిగినందున, తక్కువ ధరకు లభించిన పాత లారీ నిర్వహణలో భారం కావచ్చు.

రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్

కొత్త వాహనం రిజిస్ట్రేషన్‌కు ఫారం 20లో దరఖాస్తు, ఫారం 21లో విక్రయ ధ్రువపత్రం, ఫారం 22లో తయారీదారు ఇచ్చే రహదారి యోగ్యత పత్రం, బీమా, చిరునామా రుజువు, పాన్ వివరాలు, రుణం ఉన్నట్లయితే ఫారం 34 అవసరమవుతాయి. 2019 సవరణ మేరకు యజమాని తన రాష్ట్రంలోని ఏ రిజిస్టరింగ్ అధికారి వద్దనైనా రిజిస్ట్రేషన్ కోరవచ్చు. కొడకండ్ల మండల వాసులకు సమీప కార్యాలయం జిల్లా కేంద్రమైన జనగామలో ఉంది.

పూర్తిగా తయారైన వాహనం కొన్నవారికి, ఛాసిస్ మాత్రమే కొని బాడీ కట్టించుకొనేవారికి విధానంలో తేడా ఉంది. ఛాసిస్ కొన్నవారు తాత్కాలిక రిజిస్ట్రేషన్‌పై వాహనాన్ని బాడీ కట్టే షెడ్డుకు తరలించి, బాడీ పూర్తయిన తర్వాత తనిఖీకి హాజరుపరచవలెను. నిర్దేశిత కొలతలు మించి పొడవు, ఎత్తు పెంచిన బాడీకి రిజిస్ట్రేషన్ లభించదు. రవాణా వాహనాలకు పసుపు రంగు పలకపై నల్లని అక్షరాలతో నంబరు ఉంటుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి విక్రయించిన కొత్త వాహనాలకు అధిక భద్రతా నంబరు పలక తప్పనిసరి.

రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం లేనిదే రిజిస్ట్రేషన్ చెల్లుబాటు కానట్లే చట్టం పరిగణిస్తుంది. కొత్త వాహనానికి తొలి రెండు సంవత్సరాలు ఫిట్‌నెస్ ఉంటుంది. ఆ తర్వాత వాహనం వయసు 8 సంవత్సరాలు వచ్చే వరకు రెండేళ్లకు ఒకసారి, అటుపై ప్రతి సంవత్సరం పరీక్షకు పంపవలెను. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, ప్రతిఫలించే టేపులు, వేగ నియంత్రణ పరికరం ఈ పరీక్షలో పరిశీలిస్తారు. దీనితోపాటు కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం కూడా ఉండవలెను.

వ్యవసాయ అవసరాలకు రిజిస్టర్ అయిన ట్రాక్టరు, ట్రాలీతో కిరాయికి ఇసుక, ఇటుకల వంటి సరకులు తరలించడం ఆ రిజిస్ట్రేషన్‌కు విరుద్ధం. ఈ పనికి రవాణా వాహనంగా రిజిస్ట్రేషన్, తదనుగుణమైన బీమా అవసరం.

పర్మిట్

3,000 కిలోలు మించిన ప్రతి సరకు వాహనానికి రవాణా అథారిటీ ఇచ్చే పర్మిట్ ఉండవలెను. దీని కాలపరిమితి 5 సంవత్సరాలు. 2014 జూన్ 2కు ముందు ఉమ్మడి రాష్ట్ర పర్మిట్‌తో కొడకండ్ల లారీ విజయవాడకు, కాకినాడకు నేరుగా వెళ్లగలిగేది. నేడు తెలంగాణ రాష్ట్ర పర్మిట్ రాష్ట్ర సరిహద్దు వరకే చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు గాని, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లకు గాని లోడు తీసుకువెళ్లాలంటే ఆ రాష్ట్రపు కౌంటర్ సంతకం లేదా నేషనల్ పర్మిట్ అవసరం. రెండు మూడు గంటల ప్రయాణ దూరంలోనే అంతర్రాష్ట్ర సరిహద్దు ఉన్న ఈ ప్రాంతపు యజమానులు తాము తీసుకొనే లోడుల గమ్యాన్ని ముందుగానే అంచనా వేసుకొని పర్మిట్ ఎంచుకొనవలెను.

నేషనల్ పర్మిట్ విధానం 2010లో సరళీకృతమైంది. అంతకుముందు ఒక్కో రాష్ట్రానికి విడిగా చెల్లించిన మొత్తాల స్థానంలో ఒకే ఏకీకృత వార్షిక రుసుము ప్రవేశపెట్టడం జరిగింది. తొలుత రూ.15,000గా ఉన్న ఈ రుసుమును 2012లో రూ.16,500కు పెంచారు. దీనికి అదనంగా సొంత రాష్ట్రంలో ఆథరైజేషన్ రుసుము ఉంటుంది. సాధారణ లారీకి 12 సంవత్సరాలు, బహుళ యాక్సిల్ వాహనానికి 15 సంవత్సరాలు దాటితే నేషనల్ పర్మిట్ లభించదు. నేషనల్ పర్మిట్ గల లారీ ఇతర రాష్ట్రంలో రెండు ప్రాంతాల మధ్య సరకు ఎక్కించి దింపడానికి వీలులేదు. ఉదాహరణకు కొడకండ్ల నుంచి పత్తితో గుంటూరు వెళ్లిన లారీ అక్కడి నుంచి తెలంగాణకు లోడు తేవచ్చు గాని, గుంటూరు నుంచి విశాఖపట్నానికి కిరాయి వేయరాదు.

పర్మిట్ లేకుండా వాహనం నడిపితే 2019 సవరణ ప్రకారం 192ఎ సెక్షన్ కింద తొలి నేరానికే 6 నెలల వరకు జైలు, రూ.10,000 జరిమానా విధించే అవకాశం ఉంది.

బీమా, పరిహార బాధ్యత

మూడవ పక్ష బీమా లేని వాహనం రోడ్డుపైకి రావడం నేరం. సరకు వాహనాలకు కనీస ప్రీమియంను కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టికలో స్థూల బరువు 7,500 కిలోల వరకు రూ.16,049, 12,000 కిలోల వరకు రూ.27,186, 20,000 కిలోల వరకు రూ.35,313, 40,000 కిలోల వరకు రూ.43,950గా నిర్ణయించారు. పన్ను దీనికి అదనం. స్వయంగా నడుపుకొనే యజమానికి రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉండవలెను. యజమానికి చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు ఉన్నప్పుడే దీని ప్రయోజనం దక్కుతుంది.

మూడవ పక్ష బీమా ఇతరులకు కలిగించిన నష్టాన్ని భర్తీ చేస్తుంది. సొంత లారీ మరమ్మతు గాని, లోడైన సరకు విలువ గాని ఇందులోకి రావు. వాటికి సమగ్ర బీమా, సరకు బీమా విడివిడిగా తీసుకొనవలెను.

బీమా పాలసీ చేతిలో ఉన్నప్పటికీ పర్మిట్ లేనట్లయితే అది చట్టంలోని మౌలిక షరతు ఉల్లంఘనేనని సుప్రీంకోర్టు 2018 మే నెలలో తీర్పు చెప్పింది. అటువంటి సందర్భంలో బీమా సంస్థ బాధితులకు ముందుగా పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకొనవచ్చు. బాధిత కుటుంబానికి న్యాయం జరుగుతుంది గాని, వసూలు భారం లారీ యజమాని ఇల్లు, భూమిపై పడుతుంది.

పంట కోతలు, మిరప ఏరివేతల సమయంలో కూలీలను, శుభకార్యాలకు బంధువులను డీసీఎంలలో తరలించడం ఈ ప్రాంతంలో తరచు కనిపించే దృశ్యం. సరకు వాహనంలో ఊరికే ఎక్కించుకొన్న ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2002లోనే స్పష్టం చేసింది. సరకుతోపాటు వెళ్లే సరకు యజమాని లేదా అతని ప్రతినిధికి మాత్రమే చట్టంలో రక్షణ కలదు. ఒకే ప్రమాదంలో అనేకులు గాయపడే ఈ తరహా ఘటనలలో పరిహారం మొత్తం యజమాని చెల్లించవలసి రావచ్చు.

పన్నులు, వ్యాపార నమోదు

భారీ సరకు వాహనాలకు మోటారు వాహన పన్నును మూడు నెలలకు ఒకసారి ముందుగా చెల్లించవలెను. వాహనం కొంతకాలం నడపని పక్షంలో ఆ విషయాన్ని త్రైమాసికం ఆరంభానికి ముందే లిఖితపూర్వకంగా తెలియజేయడం మేలు. షెడ్డులో నిలిచిన లారీపై కూడా సమాచారం ఇవ్వని కారణంగా బకాయి పేరుకుపోవచ్చు.

సూక్ష్మ సంస్థగా గుర్తింపు కోసం 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదును ఆధార్, పాన్‌లతో ఉచితంగా పొందవచ్చు. ఈ నమోదుకు దళారులకు రుసుము చెల్లించవలసిన పని లేదు.

రోడ్డు మార్గంలో సరకు రవాణా సేవకు వస్తు సేవల పన్ను మినహాయింపు ఉంది. అయితే కన్‌సైన్‌మెంట్ నోటు జారీ చేసే రవాణా ఏజెన్సీకి ఇది వర్తించదు. తన లారీని రవాణా ఏజెన్సీకి కిరాయికి ఇచ్చే యజమాని సేవపై కూడా మినహాయింపు కలదు. రూ.50,000 మించిన విలువ గల సరకుకు సాధారణంగా ఈ-వే బిల్లు ఉండవలెను. అంతర్రాష్ట్ర రవాణాకు 2018 ఏప్రిల్ 1 నుంచి, తెలంగాణలో రాష్ట్రం లోపలి రవాణాకు 2018 ఏప్రిల్ 15 నుంచి ఇది అమలులోకి వచ్చింది. 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లు గడువు లెక్కిస్తారు. లారీ దారిలో చెడిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత వరకు పొడిగింపు కోరవచ్చు.

పలువురి నుంచి సరకు బుక్ చేసుకొని, రసీదులిచ్చి రవాణా కార్యాలయం నడపదలచినవారు క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 కింద కామన్ క్యారియర్‌గా నమోదు కావలెను. 2011 మార్చి 1 నుంచి అమలులో ఉన్న ఈ చట్టం ప్రకారం నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది.

ఆదాయపు పన్ను విషయంలో 10 వాహనాలకు మించని యజమానులకు లెక్కల పుస్తకాల భారం లేని విధానం కలదు. 12 టన్నులు మించిన వాహనానికి టన్నుకు నెలకు రూ.1,000 చొప్పున, ఇతర వాహనాలకు ఒక్కొక్కదానికి నెలకు రూ.7,500 చొప్పున ఆదాయంగా చూపవచ్చు. పాన్ వివరాలతో ధ్రువీకరణ ఇచ్చినట్లయితే కిరాయి చెల్లించే సంస్థలు మూలం వద్ద పన్ను కోత విధించనవసరం లేదు.

లోడు, తనిఖీలు

2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితిని పెంచింది. దీనితో మూడు యాక్సిళ్ల, అంటే పది టైర్ల లారీ స్థూల బరువు పరిమితి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. పరిమితి మించితే 2019 సవరణ ప్రకారం 194వ సెక్షన్ కింద రూ.20,000, అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున జరిమానా చట్టంలో ఉంది. అదనపు సరకును దింపివేయించే అధికారం కూడా తనిఖీ అధికారికి కలదు. ఇసుక, కంకర, బొగ్గు లోడులలో అధిక బరువు సమస్య ఎక్కువ. లోడు వేసేచోటనే కాంటా చీటీ తీసుకొని దగ్గర ఉంచుకొనడం యజమానికి రక్షణ. ప్రభుత్వ రీచ్‌ల నుంచి ఇసుక తరలించే లారీలు రాష్ట్ర ఆన్‌లైన్ ఇసుక విక్రయ విధానంలో నమోదై ఉండవలెను.

తనిఖీ సమయంలో పత్రాలను డిజీలాకర్ ద్వారా ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుబాటవుతుందని 2018లో కేంద్ర నిబంధనలు సవరించడం జరిగింది. జాతీయ రహదారులపై టోల్ చెల్లింపునకు 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది.

పలువురు కార్మికులను నియమించుకొనే స్థాయికి వ్యాపారం పెరిగితే కార్మిక చట్టాల కింద పని గంటలు, విశ్రాంతి, సెలవుల నిబంధనలు వర్తిస్తాయి.

యజమాని మరణించినప్పుడు

ఒకే లారీపై ఆధారపడిన కుటుంబాలకు తెలియవలసిన నిబంధన మరొకటి కలదు. పర్మిట్ గల యజమాని మరణిస్తే వాహనం ఎవరి స్వాధీనంలోకి వచ్చినదో వారు 3 నెలల పాటు అదే పర్మిట్‌పై వాహనాన్ని నడిపించవచ్చు. అయితే మరణ సమాచారాన్ని, వాహనం నడపదలచిన విషయాన్ని 30 రోజులలోగా రవాణా అథారిటీకి తెలియజేయవలెను. 3 నెలలలోగా పర్మిట్ తమ పేరిట బదిలీ కోరవలెను. రిజిస్ట్రేషన్ బదిలీకి విడిగా దరఖాస్తు చేయవలెను. ఈ గడువులు దాటిపోతే రుణ వాయిదాలు కొనసాగుతుండగానే లారీ నిలిచిపోయే పరిస్థితి వస్తుంది.

ఆచరణ క్రమం

వాహనం కొని అప్పుపై వడ్డీ మొదలైన తర్వాత లైసెన్సు కోసం ప్రయత్నించడం వలన నెలల తరబడి కిరాయి కోల్పోవలసి వస్తుంది. తేలికపాటి లైసెన్సు తర్వాత భారీ వాహన లెర్నర్ లైసెన్సుకు కనీసం ఏడాది ఆగవలసి ఉన్నందున లైసెన్సుతోనే ఆరంభించడం సముచితం. తదుపరి ఎక్కడి లోడులు, ఎంత బరువు అన్నది నిర్ణయించుకొని వాహనం ఎంచుకొనవలెను. ఆ వెనుక బీమా, రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, పన్ను, పర్మిట్ వరుసగా పూర్తి చేయవలెను. తొలి లోడు ఎత్తడానికి ముందు అన్ని పత్రాలలో పేరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, స్థూల బరువు ఒకేలా ఉన్నవో లేవో సరిచూసుకొనవలెను.

ఆరు పత్రాల గడువు తేదీలు ఒకే రోజున రావు. లైసెన్సు, పర్మిట్ ఐదేళ్లకు, ఫిట్‌నెస్ రెండేళ్లకు లేదా ఏడాదికి, బీమా ఏడాదికి, పన్ను మూడు నెలలకు ముగుస్తాయి. ఈ తేదీలన్నింటినీ ఒకేచోట రాసి ఉంచుకొని, గడువుకు నెల ముందుగానే పునరుద్ధరణకు దరఖాస్తు చేసే యజమానికి తనిఖీలు గాని, ప్రమాదం తర్వాతి విచారణలు గాని జీవనోపాధిని దెబ్బతీసే అవకాశం తగ్గుతుంది.